గుండు గమనము – దూరపు వేట



వేటకథలలో తుపాకి మ్రోగినదే తడవుగా మృగము కూలును. కథకునకు దూరము అడ్డురాదు, గాలి అడ్డురాదు. నిజముగా జరుగునది వేఱు. రైఫిలు గొట్టమును విడిచిన గుండు భూమ్యాకర్షణకును గాలికిని లోబడి పోవలసినదే. అది చేరవలసిన చోటికి చేరినను పని సగమే ముగిసినట్లు. వేటలో గుండు చేయవలసిన పనులు రెండు. మొదటిది గుఱి తప్పకుండ పోవుట. రెండవది తగిలిన మృగమును బాధపడనీయక వెంటనే చంపుట. ఈ రెండును వేఱువేఱు గుణములు. ఒకటి యున్నంతమాత్రమున రెండవది యుండునని యెంచరాదు. దూరము పెరిగినకొలది రెండును క్షీణించును. ఇట్లేల జరుగునో వివరించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన వేట నిషిద్ధమైనది. కావున మేము వేట నేర్పుటకు దీనిని వ్రాయుటలేదు. ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములలో జింకల వేట చట్టమునకు లోబడి సాగుచున్నది. అచ్చట 500 గజములనుండియు, అంతకు మించిన దూరమునుండియు మృగములను కాల్చుట తగునా యను వాదము కలదు. ఆ వాదమును పరిశీలించినచో మీ భౌతికశాస్త్ర పుస్తకములోని సూత్రములే అడుగడుగున ఎదురగును. ఒక సూత్రమును తెలిసికొనుట ఎట్లు ఒక బాధ్యతగా పరిణమించునో కూడ అచ్చట కనబడును.

1. వేగమును కొలిచిన లోలకము

కంటికి కనబడని గుండు వేగమును కొలుచుట ఎట్లు? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినవాడు బెంజమిన్ రాబిన్సు అను ఆంగ్లేయ గణితజ్ఞుడు. ఇతడు 1707లో జన్మించి, 1742లో ఫిరంగి శాస్త్రమునుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అతని ఉపాయము సులభమైనది. బరువైన లోలకమునకు కొయ్యపలక నమర్చి, దానిలోనికి గుండును కాల్చెను. గుండు పలకలో చిక్కుకొనగా లోలకము వెనుకకు ఊగెను. ఎంత మేర ఊగినదో ఒక నాడాచే కొలిచి, గుండు బరువును, లోలకము బరువును లెక్కలోనికి తీసికొని, గుండు వేగమును నిర్ణయించెను. గుండుయొక్క ద్రవ్యవేగమంతయు లోలకమునకు సంక్రమించుననునదియే ఇందలి సూత్రము.

అంతకు పూర్వము పండితులు చాలమంది గాలియొక్క నిరోధమును అల్పముగా ఎంచుచుండిరి. గెలీలియో చెప్పిన పరవలయ మార్గములోనే గుండు పోవునని తలంచిరి. రాబిన్సు తన లోలకమును తుపాకికి దగ్గఱగాను దూరముగాను ఉంచి కాల్చి, గుండు దారిలోనే ఎంతో వేగమును కోల్పోవుచున్నదని కనుగొనెను. వేగముగా పోవు గుండును గాలి నిరోధించు బలము ఆ గుండు బరువునకు అనేక రెట్లుండునని తేల్చెను. ఆ గ్రంథమును ఆయిలరు మహాశయుడు 1745లో విపులమైన వ్యాఖ్యతో జర్మను భాషలోనికి తెచ్చెను.

రాబిన్సు చరిత్రకు మన తీరముతో సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీవారు కోటలను బాగుచేయించుటకై అతనిని ఇంజనీరుగా నియమింపగా, అతడు 1750లో ఇచ్చటికి వచ్చి, మఱుసటి యేడు కడలూరు చెంతనున్న సెయింటు డేవిడు కోటలో జ్వరముచే మరణించెను. గుండు మార్గమును శాస్త్రమార్గముగా చేసినవాని తుదియాత్ర కోరమండల తీరముననే ముగిసినది.

2. గుండు పడుట

బల్ల అంచున రెండు నాణెములను ఉంచి, ఒకదానిని వ్రేలితో ముందునకు మీటి, అదే క్షణమున రెండవదానిని క్రిందికి జారవిడువుడు. రెండును ఒక్కసారే నేలను తాకిన సవ్వడి వినబడును. ముందునకు పోవు వేగము క్రిందికి పడుటను ఆపజాలదు. తుపాకిగుండు సంగతియు ఇంతే. గొట్టమును విడిచిన క్షణమునుండియే అది గొట్టము చూపిన రేఖనుండి క్రిందికి పడుచుండును. మొదటి పదియవవంతు సెకనులో 2 అంగుళములు. అర సెకనులో 4 అడుగులు. ఒక సెకనులో 16 అడుగులు. కాలము రెట్టింపైనచో పతనము నాలుగు రెట్లగును.

ఉదాహరణకు సెకనుకు 2,700 అడుగుల వేగముతో బయలుదేరు ఒక సామాన్యమైన రైఫిలు గుండును తీసికొందము. అది 200 గజములు పోవుటకు సుమారు 0.24 సెకను పట్టును. అప్పటికి సుమారు 11 అంగుళములు పడును. 500 గజములు పోవుటకు సుమారు 0.68 సెకను పట్టును. అప్పటికి సుమారు 7 అడుగులు పడును. కనుకనే వేటకాడు గొట్టమును దూరమునకు తగినట్లు పైకెత్తి కాల్చును.

దూరము సరిగా తెలిసినచో ఈ సవరణ కష్టము కాదు. చిక్కంతయు దూరమును అంచనా వేయుటలో నున్నది. 525 గజముల దూరముననున్న జింకను 500 గజములని యెంచి కాల్చినచో గుండు సుమారు 6 అంగుళములు దిగువకు పోవును. 200 గజముల యొద్ద అట్టి 25 గజముల పొరపాటువలన కలుగు తేడా 2 అంగుళములకు మించదు. మధ్యరకపు జింకకు గుండెయు ఊపిరితిత్తులును ఉన్న భాగము సుమారు 9 అంగుళముల వెడల్పుగల పళ్లెమంత యుండును. దాని నడుమకు గుఱిపెట్టినవాడు 4½ అంగుళములకన్న ఎటు తప్పినను గుండు ప్రాణస్థానమును దాటిపోయినదే. ఈ పళ్లెమును జ్ఞాపకముంచుకొనుడు. ఇకముందు ప్రతి లెక్కయు దీనితోనే పోల్చవలెను.

3. బొంగరము చెప్పు పాఠము

పూర్వపు తుపాకుల గొట్టములు లోపల నున్నగా నుండెడివి. వానినుండి వెడలిన గుండ్రని గుండు గొట్టపు ప్రక్కలకు తగిలి ఎటో ఒకవైపు తిరుగుచు పోవును. తిరుగు గుండును గాలి ఒక ప్రక్కకు త్రోయును. దీనిని నిరూపించుటకు రాబిన్సు తుపాకి కొనను ఎడమకు వంచి కాల్చెను. గుండు మొదట ఎడమకు పోయి, పిదప కుడివైపునకు వంగెను. బంతాటలో బంతిని త్రిప్పి వేయువారికి ఈ సంగతి తెలియును.

ఇందుకు నివారణము గొట్టము లోపల మఱచుట్టువలె గాడులు తీయుట. గుండు ఆ గాడులనుబట్టి తిరుగుచు, తాను పోవు దిక్కునే అక్షముగా చేసికొని వెడలును. అప్పుడది తిరుగుచున్న బొంగరమువంటిది. బొంగరము తిరుగునంతసేపు నిలిచియుండును. తిరుగుట మందగించిన కొలది తూలును. పొడవైన గుండు తిరుగనియెడల గాలిలో తలక్రిందులగును. తగినంత తిరిగినచో మొన ముందుగా పోవును. పై ఉదాహరణములోని గుండు గొట్టములో ప్రతి 12 అంగుళములకు ఒక చుట్టు తిరుగునట్లు గాడులున్నచో, సెకనుకు 2,700 చుట్లు తిరుగుచు వెడలును.

ఏ గుండునకు ఎంత భ్రమణము కావలెనో లెక్కించుటకు గ్రీన్‌హిల్ అను ఆంగ్ల గణితజ్ఞుడు 1879లో ఒక సులభమైన సూత్రమును ఇచ్చెను. గుండు వ్యాసపు వర్గమును 150చే గుణించి, గుండు పొడవుచే భాగింపవలెను. వ్యాసము 0.3 అంగుళము, పొడవు 1.2 అంగుళములైనచో లబ్ధము 11¼. అనగా ప్రతి 11¼ అంగుళములకు ఒక చుట్టుండవలెను. గుండు పొడవు పెరిగినకొలది మఱింత త్వరగా త్రిప్పవలెనని ఈ సూత్రమువలన తెలియుచున్నది. ఇది సీసపు గుండ్లకు ఏర్పడిన స్థూలమైన లెక్క. అయినను విద్యార్థి అభ్యాసమునకు చక్కగా పనికివచ్చును.

ఇన్ని యున్నను, ఒకే రైఫిలునుండి ఒకే గుఱికి కాల్చిన పది గుండ్లు ఒకే రంధ్రములో పడవు. గుండు బరువులో కొంచెము తేడా, తుపాకిమందు కొలతలో కొంచెము తేడా, గుండు అడుగున కొంచెము వంకర, ఇవన్నియు గుండ్లను చెదరగొట్టును. 100 గజముల యొద్ద ఒక అంగుళము వెడల్పులో గుండ్లను చేర్చు రైఫిలు మంచిదే యని పేరు పొందును. కాని ఆ అంగుళము 500 గజముల యొద్ద 5 అంగుళములగును. మన పళ్లెములో సగమునకు పైగా తుపాకియే తీసికొనినది. మనుష్యుని చేతివణకు ఇంకను కలుపలేదు.

4. గాలి

భూమ్యాకర్షణ ఎల్లప్పుడు ఒక్కతీరుననే యుండును. గాలి అట్లు కాదు. వేటకానియొద్ద నిశ్చలముగానున్న గాలి లోయ నడుమ వీచుచుండవచ్చును. జింకయొద్ద ఎదురు దిక్కున వీచుచుండవచ్చును.

అడ్డుగాలివలన గుండు ఎంత తొలగునో లెక్కించుట ఎట్లు? గుండు గాలిలోనున్న కాలమును గాలి వేగముచే గుణింపవలెనని తోచును. అది సరికాదు. గాలి లేనిచోట గుండు ఎంత కాలములో చేరునో, గాలిలో ఎంత కాలములో చేరునో చూచి, ఆ రెంటి భేదమును, అనగా ఆలస్యమును మాత్రమే అడ్డుగాలి వేగముచే గుణింపవలెను. వేగమును కోల్పోని గుండు గాలికి తొలగదు. ఎంత కోల్పోవునో అంత తొలగును. గుండునకు సన్నని మొనయు, వెనుక కొంచెము సన్నగిలిన ఆకారమును ఏర్పడుటకు కారణమిదియే.

500 గజములనగా 1,500 అడుగులు. వేగము తగ్గనిచో మన గుండునకు 0.56 సెకను చాలును. నిజముగా 0.68 సెకను పట్టుచున్నది. ఆలస్యము 0.12 సెకను. గంటకు 10 మైళ్ల అడ్డుగాలి సెకనుకు సుమారు 15 అడుగులు పోవును. 15ను 0.12చే గుణించినచో 1.8 అడుగులు, అనగా సుమారు 22 అంగుళములు. ఈ లెక్కనే 200 గజములకు చేసినచో 3½ అంగుళములకు లోపుగా వచ్చును.

గాలిని 10 మైళ్లకు బదులు 7 మైళ్లని యెంచినవాడు 500 గజముల యొద్ద 6 అంగుళములకు మించి తప్పును. 200 గజముల యొద్ద అదే పొరపాటు ఒక అంగుళము మాత్రమే. ఎండిన గడ్డి కదలికను, ఆకుల యూగిసలాటను చూచి గాలి వేగమును చెప్పువానికి 3 మైళ్ల భేదము వచ్చుట ఏమంత వింత? పళ్లెములో 4½ అంగుళములే మనకున్నవని మఱవకుడు.

ఇంకొక సంగతి. జింక బొమ్మ కాదు. అది మెల్లగా గంటకు 3 మైళ్ల చొప్పున నడిచినను 0.68 సెకనులో 3 అడుగులు సాగును. గుండు గొట్టమును వీడిన పిమ్మట జింక ఒక్క అడుగు వేసినచో గుండెకు పెట్టిన గుఱి కడుపులో పడును. దీనికి శాస్త్రములో సవరణ లేదు. జింక ఎప్పుడు అడుగువేయునో ఏ యంత్రమును చెప్పజాలదు.

5. తగిలిన పిమ్మట

చలనశక్తి వేగముయొక్క వర్గమును అనుసరించును. మన గుండు 500 గజముల యొద్దకు చేరునప్పటికి సెకనుకు సుమారు 1,800 అడుగుల వేగముతో నుండును. మొదటి వేగములో మూడింట రెండువంతులు. కాని శక్తి తొమ్మిదింట నాలుగువంతులే మిగులును. మూడవవంతు వేగము పోయినచో సగముకన్న ఎక్కువ శక్తి పోయినది.

ఆ మిగిలిన శక్తియు మృగముయొక్క దేహములో వినియోగపడవలెను. కఠినమైన తొడుగుగల మొనదేరిన గుండు విచ్చుకొనక, సన్నని రంధ్రము చేసి ఆవలికి పోవచ్చును. అట్టి గాయముతో జింక చాల దూరము పరుగెత్తి, పొదలలో గంటలకొలది బాధపడి చచ్చును. అందుచే వేటగుండునకు సీసపు మొనను తొడుగు లేకుండ విడిచెదరు, లేదా మొనలో గుంట చేసెదరు. అది తగిలినంతనే కుక్కగొడుగువలె విచ్చుకొని, వెడల్పైన మార్గమును చేసి, ఊపిరితిత్తులను గుండెను వెంటనే నిలిపివేయును.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. 1890వ దశాబ్ది చివర కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధాగారమున సైనికుల కొఱకు ఇట్టి విచ్చుకొను గుండ్లను చేసిరి. యుద్ధములో మనుష్యులపై వీని ప్రయోగము క్రూరమని 1899లో హేగ్ నగరపు సమావేశమున నిషేధించు ప్రకటన చేయబడెను. అదే విచ్చుకొను గుండును ఇంగ్లండులో 1991వ సంవత్సరపు జింకల చట్టము వేటకు తప్పనిసరి చేసినది. మెత్తని మొనయో, గుంట మొనయో లేని రైఫిలు గుండుతో జింకను కాల్చరాదు. రెండు శాసనములకును మూలము కనికరమే. యుద్ధములో శత్రువును నిలువరించినచో చాలును; గాయపడినవాడు వైద్యునియొద్దకు చేర్పబడవచ్చును. గాయపడిన జింకకు వైద్యుడు లేడు.

ఇక గుఱికిని ఫలమునకును గల వైరుధ్యమును గమనింపుడు. పందెములలో కాగితపు గుఱులను కొట్టు గుండ్లు మిక్కిలి సమముగా చేయబడును. వాని మొనయందు చిన్న రంధ్రముండును. కాని అది విచ్చుకొనుటకు కాదు, తొడుగును అడుగునుండి మొనకు చేర్చి మూయుటలో మిగిలినది. అడుగు చక్కగా నుండిననే గుండు చక్కగా పోవును గనుక అట్లు చేసెదరు. అట్టి గుండు కాగితముపై అందఱికన్న బాగుగా కొట్టును. మృగమునందు ఒకప్పుడు విచ్చుకొనును, ఒకప్పుడు విచ్చుకొనదు. వేటగుండు సైతము వేగము తగ్గినచో విచ్చుకొనదు. అనేక రకముల వేటగుండ్లకు సెకనుకు 1,800 లేక 2,000 అడుగులైన నుండవలెను. మన గుండు 500 గజముల యొద్ద సరిగా ఆ హద్దుననే యున్నది! మిక్కిలి దగ్గఱనుండి కాల్చినచో దీనికి విరుద్ధముగా, పలుచని తొడుగుగల గుండు అతివేగముచే పైననే ముక్కలై లోనికి పోకుండును. కనుక ప్రతి గుండునకును తగిన వేగపు మేర ఒకటి కలదు. అందు క్రింది హద్దే దూరమునకు హద్దు.

6. సీసము

విచ్చుకొనిన సీసపు గుండునుండి సూక్ష్మమైన తునుకలు రాలి మాంసములోను ప్రేగులలోను మిగులును. వేటకాడు అడవిలో విడిచిన ప్రేగులను గ్రద్దలు, రాబందులు తినును. సీసము విషము. అమెరికాలోని కాలిఫోర్నియా కాండోరు అను పెద్ద రాబందు 1982 నాటికి లోకమంతట 22 మాత్రమే మిగిలెను. సీసపు విషము ఆ జాతికి గొప్ప శత్రువని తేలినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జులై 1వ తేదీనుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించెను.

సీసమునకు బదులు రాగిని వాడుచున్నారు. రాగి సీసముకన్న తేలిక. అదే బరువునకు గుండు పొడవు పెరుగును. పొడవు పెరిగినచో గ్రీన్‌హిల్ సూత్రప్రకారము ఎక్కువ భ్రమణము కావలెను. రాగి సీసముకన్న కఠినము. విచ్చుకొనుటకు సామాన్యముగా ఎక్కువ వేగము కావలెను. కావున తగిన దూరము తగ్గును. ఒక దోషమును సవరింపబోయినచో వేఱొక లెక్క మాఱుట చూచితిరా? శాస్త్రములో ఏ గుణమును ఒంటరిగా లేదు.

7. తప్పిన గుండు ఏమి చేయును?

తప్పిన గుండనగా దూరముగా పోయిన గుండని మాత్రమే యెంచకుడు. పూర్తిగా తప్పినచో మృగము బ్రదుకును. సగము తప్పినదే ఘోరమైనది. 1907లో జిమ్ కార్బెట్టు కుమావు కొండలలో చంపావత్తు ఆడపులిని చంపెను. ఆ పులి నేపాళములోను కుమావులోను 436 మంది మనుష్యులను చంపినదని ఆయన వ్రాసెను. పరీక్షింపగా దాని కుడివైపు పై కోర సగమునకు విఱిగియుండెను; క్రింది కోర ఎముకవఱకు పోయియుండెను. ఇది పూర్వమెవరో కాల్చిన తుపాకి గాయమనియు, ఆ గాయమువలననే తన సహజమైన ఆహారమును పట్టజాలక అది నరభక్షకి యైనదనియు కార్బెట్టు అభిప్రాయపడెను. కాల్చినవాని పేరు ఎవరికిని తెలియదు. వాడు బహుశా ఆ సాయంకాలమే యింటికి పోయి, గుఱి కొంచెములో తప్పినదని చెప్పుకొనియుండును. ఆ కొంచెమునకు వెల చెల్లించినవారు కట్టెలకును గడ్డికిని అడవికి పోయిన బీదస్త్రీలును, వారి కుటుంబములును.

8. ఎంత దూరము?

కనుక వేటకానికి తగిన దూరమెంత? తుపాకి ఎంత దూరము కొట్టగలదను ప్రశ్నకు ఇది సమాధానము కాదు; గుండు మైలుకు పైగా పోవును. దూరము తెలియుట, గాలి తెలియుట, తుపాకి చెదరగొట్టు వెడల్పు, చేతి నిలుకడ, గుండు విచ్చుకొను వేగము, ఈ యైదింటిలో ఏది ముందుగా విఫలమగునో అదియే హద్దు. గొలుసు బలము దాని బలహీనమైన లంకెలోనే యుండును గదా. చాలమందికి ఆ హద్దు వారనుకొనిన దానికన్న ఎంతో దగ్గఱ.

అమెరికాలో 1887లో థియోడోరు రూజ్‌వెల్టు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బువారు వేటగాండ్రే యైనను, మృగము తన కన్నులతోను చెవులతోను ముక్కుతోను అపాయమును పసిగట్టజాలనంత దూరమునుండి కాల్చుట న్యాయము కాదని చెప్పుచున్నారు. మన లెక్కయు దీనికి తోడ్పడుచున్నది. 500 గజములు పోవుటకు ధ్వనికి సుమారు 1⅓ సెకను పట్టును. గుండునకు దానిలో సగమే. మ్రోత జింకను చేరకముందే గుండు చేరును. జింక తప్పించుకొనుటకు వీలు లేనిచోట తప్పు చేయకుండుట కాల్చువానిపై బడిన బాధ్యత.

లెక్క తెలియనివాడు ధైర్యముగా మీటను నొక్కును. లెక్క తెలిసినవాడు అనేక పర్యాయములు తుపాకిని దించి, ఇంకను దగ్గఱకు ప్రాకిపోవును; లేదా ఊరకయే యింటికి మఱలును. వాని విద్య నిష్ఫలమైనదని యెంచకుడు. ఆ తుపాకి దించుటయే దాని ఫలము.

అభ్యాసము

1. గుండు 0.4 సెకనులో ఎన్ని అడుగులు పడును?

2. వ్యాసము 0.3 అంగుళమై, పొడవు 1.5 అంగుళములైన గుండునకు గ్రీన్‌హిల్ సూత్రప్రకారము ఎన్ని అంగుళములకొక చుట్టు కావలెను?

3. ఆలస్యము 0.05 సెకనై, అడ్డుగాలి సెకనుకు 15 అడుగులైనచో గుండు ఎన్ని అంగుళములు తొలగును? అట్టి గుండు మన పళ్లెములో పడునా?

4. వేగము సగమైనచో చలనశక్తి ఎంత మిగులును? కారణము వ్రాయుడు.

5. కాగితపు గుఱికి మంచిదైన గుండు వేటకు మంచిది కాకపోవుట ఎట్లు? మీ మాటలలో తలిదండ్రులకు వివరించి చెప్పుడు.